ఉంచు, తీసెయ్

వీడియో తెర మీదికి వచ్చేసరికి ఆమె టీ తాగుతోంది. ఎడమచేతిలో కప్పు, కుడిచేయి కీబోర్డు మీద. ఆ హాల్లో అందరూ అలాగే తాగుతారు. టీ కోసం లేచి వెళ్తే తెర పైభాగాన ఉన్న ఆకుపచ్చ గీత మెల్లగా పసుపు రంగులోకి జారుతుంది. పసుపు కనిపిస్తే టీమ్ లీడరు వచ్చి కుర్చీ వెనక నిలబడుతుంది. ఏమీ అనదు, ఊరికే నిలబడుతుంది. తిట్టినా బాగుండును అనిపిస్తుంది.

పని చెప్పుకోవడానికి తేలిక. జనం ఇంటర్నెట్లో రకరకాలవి పెడతారు. నచ్చనివాళ్ళు వాటి మీద ఫిర్యాదు చేస్తారు. ఫిర్యాదు వచ్చిన ప్రతిదీ ఒకదాని వెనక ఒకటి ఆమె ముందుకు వస్తుంది. చూసి, మూడు మీటల్లో ఏదో ఒకటి నొక్కాలి. ఉంచు. తీసెయ్. పైకి పంపు. నొక్కగానే ఫిర్యాదు చేసినవాళ్ళకి జవాబు దానంతట అదే వెళ్ళిపోతుంది. చేరిన కొత్తలో ఆమె ప్రతి మాటా చదివేది. సాయంత్రం అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. ఇప్పుడు దిగుతోంది. రాళ్ళు ఏరేవాడి కంటికి బియ్యం కనపడదు, రాళ్ళే కనపడతాయి. ఆమెకి కొన్నాళ్ళుగా రాళ్ళు కూడా కనపడటం లేదు. చాటలో చేయి మాత్రం ఆడుతోంది.

బస్సు లోపల తీసిన వీడియో అది. శబ్దం పెట్టకుండానే చూసింది. నీలం యూనిఫారం వేసుకున్న ఒక మనిషి కిటికీ పక్కన కూర్చుని, రెండు చెవులూ అరచేతులతో మూసుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతున్నాడు. నోరు కదులుతోంది. పక్క సీటులోని ఆవిడ చంటిపిల్లని ఎత్తుకుని లేచి వెళ్ళిపోయింది. కింద రాసి ఉంది: "ఇలాంటివాళ్ళని జనంలోకి వదిలేది ఎవరు?" నెత్తురు లేదు, బట్టలు లేని ఒళ్ళు లేదు, కొట్టమనడం లేదు. ఆమె వేలు "ఉంచు" మీద పడింది.

వీడియో పక్కకి తొలగిపోతున్న ఆ క్షణంలో ఆ మనిషి మెడ వెనక జుట్టు కనిపించింది. అంచు వంకరగా ఉంది. ఎడమవైపు కాస్త పైకి, కుడివైపు కిందకి. మొన్న సెలవురోజు అమ్మ కత్తెర పట్టుకుని, "కదలకురా బాబూ, నీ చెవి నా చేతికొస్తుంది" అని నవ్వుతూ కత్తిరించిన జుట్టు. మంగలి దగ్గరి మిషన్ మోత తమ్ముడు భరించలేడు.

కప్పులో టీ ఇంకా సగం ఉంది. ఆమె దాన్ని బల్ల మీద పెట్టింది.

తర్వాత వ్యాఖ్యలు రావడం మొదలైంది. ఒకే వీడియో కింది వ్యాఖ్యల మీద ఎవరో వరసగా ఫిర్యాదులు చేసినట్టున్నారు. ఇలాంటి కేసుల్ని కట్టేసి లోపల పెట్టాలి. పిల్లలున్న చోట వీడికేం పని. ఆటిజం అట, అదో పెద్ద ఫ్యాషన్ ఇప్పుడు. తల్లి కడుపుతో ఉన్నప్పుడు ఏం తిందో. టీకాల పుణ్యమే ఇదంతా. వీడికి ఉద్యోగం కూడా ఇచ్చారా, మన పిల్లలు చదువుకుని ఖాళీగా ఉన్నారు. మధ్యలో ఎవరో, పాపం అతన్ని వదిలేయండి అన్నారు. దాని కింద మరొకరు, నీ ఇంట్లో పెట్టుకో అయితే అన్నారు.

నియమం ఆమెకి కంఠతా వచ్చు. జబ్బు పేరో లోపం పేరో తిట్టుగా వాడితే అది మర్యాద కాదు, అలాగని ఉల్లంఘనా కాదు. కొట్టమంటేనో చంపమంటేనో తీసెయ్యాలి. కట్టెయ్యమంటే? కట్టెయ్యడం గురించి నియమంలో లేదు. ఉంచు. ఉంచు. ఉంచు. ఆ మీట మీది అక్షరం ఎప్పుడో అరిగిపోయింది.

"ఏం చెల్లెమ్మా, బస్సు వీడియో నీకూ వచ్చిందా?" అన్నాడు పక్క సీటాయన, తన తెర మీంచి చూపు తిప్పకుండానే. ఆయన్ని అందరూ సామెతలాయన అంటారు. రిటైరయ్యే వయసులో ఈ పనిలో చేరాడు. ప్రతిదానికీ ఒక సామెత ఆయన నాలుక చివర ఉంటుంది. "పిచ్చోడి చేతిలో రాయి అన్నారు పెద్దలు. రాయి లేదు గాని, ఎప్పుడు విసురుతాడో అని జనం భయం."

"ఆఁ," అంది ఆమె.

తెలిసినవాళ్ళు తెర మీద కనిపిస్తే చేయి తీసి లీడరుకి చెప్పాలి. అదీ నియమమే. ఆమె చెప్పలేదు. చెప్పకూడదని అనుకోలేదు కూడా. చెప్పాలంటే నోరు తెరవాలి, నోటికి ఆ పని దూరంగా అనిపించింది. షిఫ్టు దిగి, బ్యాగు భుజాన వేసుకుని, లిఫ్టులో అద్దంలోకి చూసుకుంది. మొహం మామూలుగానే ఉంది.

*

సాయంత్రం తమ్ముడు ఆలస్యంగా వచ్చాడు. గుమ్మం పక్కన బూట్లు విప్పి, మడమలు గోడకి ఆనేలా సర్దాడు. మేజోళ్ళు విప్పుతుంటే ఒకటి మడమకి అంటుకుని రాలేదు. అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, "ఏంట్రా ఆ కాలు?" అంది.

"తోలు లేచింది."

"ఎలా లేచింది?"

"నడిస్తే."

"బస్సేమైంది?"

"బస్సు బాగానే ఉంది," అన్నాడు తమ్ముడు. అతను బస్సు డిపోలో బస్సులు కడుగుతాడు. బస్సు గురించి అడిగితే బస్సు గురించే చెబుతాడు. "కొత్త డ్రైవరు అద్దం మీద స్టిక్కర్ అంటించాడు. జిగురు పోవడం లేదు. కిరసనాయిలు పెట్టి రుద్దాను, పోయింది. వెనక టైరు పక్కన ఎవరో వాంతి చేసుకున్నారు. అదీ పోయింది."

"సరిసరి, అన్నం తినే వేళ ఆ మాటలెందుకు," అంటూ అమ్మ గోరువెచ్చని నీళ్ళు టబ్బులో తెచ్చి పెట్టింది. తమ్ముడు కాళ్ళు పెట్టి, నీళ్ళలో వేళ్ళు ఆడిస్తూ కూర్చున్నాడు. డిపోలో అతన్ని తళతళ అంటారు. వెక్కిరింపుగా మొదలైన పేరు. తర్వాత డ్రైవర్లు, నా బండి తళతళకే ఇవ్వండి అని మేస్త్రిని అడగడం మొదలుపెట్టాక ఆ పేరులో వెక్కిరింపు కొంత అరిగింది. పూర్తిగా పోలేదు.

ఆమె అతని మెడ వెనక వంకర అంచు చూస్తూ కూర్చుంది. చెప్పకూడదు. అమ్మకీ చెప్పకూడదు. వీడు ఫోనులో చూసేది బస్సుల వీడియోలు, అవి తప్ప వేరే ఏం చూస్తాడు గనక. రెండు మూడు రోజులు పోతే జనం ఇంకో దాని మీద పడతారు. ఆ సంగతి ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు.

భోజనాలయ్యాక తమ్ముడు మంచం మూలన కూర్చుని ఫోను తీశాడు. ఒక్క వేలితో, ఒక్కో అక్షరం చూసుకుంటూ టైపు చేస్తున్నాడు. నొక్కుతున్నాడు, ఆగుతున్నాడు, మళ్ళీ నొక్కుతున్నాడు.

"ఏం చేస్తున్నావురా?"

"పని."

"ఇంటికొచ్చాక ఏం పని?"

"నా పని అక్కా. మధ్యలో మాట్లాడితే తప్పులొస్తాయి."

ఆమె నవ్వి ఊరుకుంది. దుప్పటి దులిపి పరిచింది.

*

మర్నాడు పని మధ్యలో అమ్మ ఫోను చేసింది. ఫోన్లు లోపలికి రానివ్వరు. విరామంలో బయటి గదికి వచ్చి బ్యాగు తీసి చూస్తే అమ్మ నుంచి ఎన్నో కాల్స్ ఉన్నాయి. తిరిగి చేసింది.

"పక్కింటావిడ చూపించింది," అంది అమ్మ. "నవ్వుతూనే చూపించింది. మీ అబ్బాయి ఫేమస్ అయ్యాడండీ అంటూ. కింద రాసినవి చదివేవా నువ్వు?"

"చదవలేదమ్మా."

"నేను ఏం తిన్నానో రాశారే."

ఆమె గోడకున్న గడియారం కింద నిలబడి, అక్కడ అంటించిన కాగితం చదివింది. విరామం తర్వాత చేతులు కడుక్కోండి అని ఉంది.

"నువ్వు చేసేది ఆ పనే కదా," అంది అమ్మ. "ఇలాంటివి తీసేసే పనే కదా నీది. తీసెయ్."

ఫోను బ్యాగులో పెట్టి ఆమె సరాసరి లీడరు బల్ల దగ్గరికి వెళ్ళింది. లీడరు ఆమె కంటే చిన్నది. కొత్తగా పెళ్ళయింది. కోపం తెలియని మొహం. అంతా విని, కుర్చీ దగ్గరికి జరుపుకుని, గొంతు తగ్గించింది.

"నిన్ననే చెప్పాల్సింది మీరు. పోనీలెండి, ఈ వీడియోకి సంబంధించినవన్నీ మీ వరస లోంచి తీసి పక్కాయనకి వేస్తాను. కానీ తీసెయ్యడం అంటారా... నియమం మీకు తెలియంది కాదు."

"తెలుసు."

"ఒక్కటే దారి. వీడియోలో ఉన్న మనిషే ఫిర్యాదు పెట్టాలి. నన్ను అడక్కుండా తీశారు అని ఒక్క ముక్క రాస్తే చాలు. అది చూసినవాళ్ళు 'పైకి పంపు' కొడతారు, సాయంత్రానికల్లా తీసేస్తారు. ఇంకెవరు అడిగినా లాభం లేదు, అక్క అడిగినా, అమ్మ అడిగినా." లీడరు కాస్త ఆగింది. "మీ తమ్ముడు పెట్టగలరా? అంటే, ఆయనకి ఆ మాత్రం..."

"లేదండీ," అంది ఆమె. "వాడికి ఇవేమీ తెలీవు."

మాట చటుక్కున వచ్చింది, వేలు మీట మీద పడినట్టే.

తిరిగి వచ్చి కూర్చునేసరికి సామెతలాయన తన తెర ముందు కిసుక్కున నవ్వుతున్నాడు. వరసలో వచ్చేవాటి కింద "కారణం" అని చిన్న గడి ఉంటుంది. ఫిర్యాదు చేసినవాళ్ళు ఎందుకు చేశారో అందులో రాస్తారు. అది మూసి ఉంటుంది. చదవాలంటే విడిగా నొక్కి తెరవాలి. తెరిస్తే గీత పసుపవుతుంది. అందుకని ఎవరూ తెరవరు. పని పలచగా ఉన్న వేళల్లో మాత్రం సామెతలాయన ఒకటీ అరా తెరిచి పైకి చదువుతాడు. వాటిలో ఒకాయన ఫిర్యాదులు ఆ హాల్లో అందరికీ పరిచయం. ఆటిజాన్ని తిట్టుగా వాడిన ప్రతిచోటా ఆ మనిషి ఫిర్యాదు ఉంటుంది, ఎన్నో నెలలుగా. ప్రతిదీ ఒకేలా ముగుస్తుంది. ఇది నిజం కాదు, సరిచూడగలరు. ఈ మాట ఇక్కడ తప్పు, సరిచూడగలరు. ఒకసారి ఎవరో బస్సులు పాచిపోయిన కంపు కొడుతున్నాయని రాస్తే దాని మీదా ఫిర్యాదు వచ్చింది. బస్సులు రోజూ కడుగుతారు, సరిచూడగలరు. ఆ రోజు హాలంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. అప్పటినుంచి ఆ మనిషికి సరిచూడగలరు గారు అని పేరు పడింది.

"మన సరిచూడగలరు గారు మంచి ఊపు మీదున్నారు చెల్లెమ్మా," అన్నాడు సామెతలాయన. "ఒక్క వీడియో కిందే అన్నీ పెట్టేశాడు. గోరంత దానికి కొండంత."

ఆమె పెదవులు అలవాటుగా ఒక పక్కకి సాగాయి. సాగిన చోటే కాసేపు ఉండిపోయాయి.

*

సాయంత్రం ఇంటి తలుపు తీస్తూనే అమ్మ గొంతు వినిపించింది.

"కొన్నాళ్ళే అంటున్నాను కదరా. ఇంట్లో ఉంటే నీకేం తక్కువ?"

"బస్సులు ఎవరు కడుగుతారు?"

"ఎవరో కడుగుతారు."

"ఎవరో అంటే ఎవరు?"

అమ్మ ఆమె వైపు చూసింది, నువ్వు చెప్పు అన్నట్టు. తమ్ముడు హాల్లో నేల మీద కూర్చుని ఉన్నాడు. రెండు మడమలకీ గుడ్డ కట్టి ఉంది. గుమ్మం పక్కన బూట్లు లేవు. అమ్మ ఎక్కడో దాచినట్టుంది.

"తమ్ముడూ," అంది ఆమె, బ్యాగు దింపుతూ. "అమ్మ మాట విను. బయట కాస్త... జనం అదోలా ఉన్నారు."

"వీడియో గురించా?"

అమ్మ చేతిలో ఉన్న గిన్నె చప్పుడు చేసింది. ఆమె తమ్ముడి ఎదురుగా కూర్చుంది.

"నీకెలా తెలుసు?"

"నాకు తెలుసు. ఎర్రచొక్కా ఆయన తీశాడు. చంటిపిల్ల ఏడుస్తోంది, హారను మోగుతోంది, రెండూ కలిసి మోగుతున్నాయి. నేను స్టాపుల పేర్లు చెప్పుకుంటున్నాను. పేర్లు చెప్పుకుంటే తగ్గుతుంది. ఆయన ఫోను ఇలా పట్టుకున్నాడు." తమ్ముడు అరచేయి నిలువుగా పెట్టి చూపించాడు. "బస్సులో ఎవరైనా ఫోను పట్టుకుంటే ఇప్పుడు నేను దిగిపోతాను. అందరూ పట్టుకుంటారు. అందుకని నడుస్తున్నాను."

"మరి చెప్పలేదేంరా నాకు?" అంది అమ్మ.

"నువ్వు ఏడుస్తావు."

అమ్మ ఏడవలేదు. గోడకి ఆనుకుని నిలబడింది.

"కింద రాసినవి చూశావా?" అని అడిగింది ఆమె.

"అన్నీ చూశాను. తప్పులున్నాయి. నేను ఎవర్నీ కొట్టలేదు, కొట్టాడని రాశారు. టీకా వల్ల అని రాశారు, అది తప్పు. వాటన్నిటికీ ఫిర్యాదు పెట్టాను." అతను ఫోను తీసి, తెర మీద వేలు జరిపి, ఆమె ముందు పెట్టాడు. "ఇది నా పని. బస్సు ఇవాళ కడిగితే రేపు మళ్ళీ మట్టి అవుతుంది, మళ్ళీ కడుగుతాం కదా. కానీ ఇది పోవడం లేదు. ఇది కిరసనాయిలుకి కూడా పోవడం లేదు."

ఆమె చదివింది. ఫిర్యాదు, దాని కింద జవాబు. ఫిర్యాదు, దాని కింద జవాబు. ఎంత జరిపినా అయిపోలేదు. ప్రతి ఫిర్యాదు చివరా ఆ మాటే ఉంది. సరిచూడగలరు. డిపోలో మేస్త్రికి ఇచ్చే చీటీల్లో అలాగే రాస్తారని ఒకప్పుడు వీడే చెప్పినట్టు లీలగా గుర్తొచ్చింది. ప్రతి జవాబులోనూ ఒకటే వాక్యం. మీ ఫిర్యాదును పరిశీలించాం, ఉల్లంఘన ఏదీ కనిపించలేదు.

"ముందు వీడియోకే పెట్టాను," అన్నాడు తమ్ముడు. "అది పోతే కిందివన్నీ పోతాయి కదా. ఇదిగో."

ఇందులో ఉన్న మనిషి నేను. నన్ను అడగకుండా తీశారు. దయచేసి తీసివేయండి. సరిచూడగలరు.

కింద జవాబు. పరిశీలించాం. కనిపించలేదు. నిన్న పొద్దుటి తేదీ. ఆమె టీ తాగుతున్న పొద్దు.

గదిలో ఫ్యాను తిరుగుతోంది. దాని రెక్క ఒకటి ప్రతి చుట్టుకీ చిన్నగా కొట్టుకుంటోంది. ఇంతవరకు ఆమె నియమాన్ని అడ్డం పెట్టుకుని నిలబడింది. నియమం అలా ఉంది, నా చేతిలో ఏముంది అని. నియమంలో వీడికి ఒక దారి ఉంది. వీడు ఆ దారినే వచ్చాడు, ఎవరూ చెప్పకుండా, సరిగ్గా ఎలా రాయాలో అలాగే రాసి. గడి తెరిచి ఉంటే కనపడేది. ఒక్క నొక్కు.

"అక్కడ మనుషులు లేరనుకుంటా అక్కా," అన్నాడు తమ్ముడు. "మిషనే అయ్యుంటుంది. మనిషైతే చదివేవాడు కదా. మిషనుకి నేను ఎలా రాయాలో తెలుసుకోవాలి."

"మిషను కాదురా."

"మరి?"

"నేనే."

తమ్ముడు ఆమె మొహంకేసి చూడడు. ఎవరి మొహంకేసీ చూడడు. ఇప్పుడు ఆమె చేతులకేసి చూశాడు.

"నీది ఆ ఆఫీసా? నువ్వు కంప్యూటర్ పని అన్నావు."

"అదే కంప్యూటర్ పని."

"నువ్వు చదివి, తప్పు లేదని రాశావా?"

"చదవలేదు. చదవకుండా నొక్కాను."

అతను ఊగడం మొదలుపెట్టాడు, ముందుకీ వెనక్కీ, వీడియోలో లాగే. స్టాపుల పేర్లు ఒకదాని వెనక ఒకటి చెప్పాడు. చివరి స్టాపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. అమ్మ దగ్గరికి వెళ్ళబోతే ఆమె చేయి పట్టుకుని ఆపింది. ఊగడం నెమ్మదించాక అతను ఫోను అందుకున్నాడు.

"మళ్ళీ పెడతాను. రేపు చదువు."

"ఇక నాకు రాదురా. నా పక్కాయనకి వెళ్తుంది."

"ఆయన చదువుతాడా?"

అమ్మ లోపలికి వెళ్ళి, బియ్యం డబ్బా వెనక నుంచి బూట్లు తెచ్చి, గుమ్మం పక్కన పెట్టింది. తమ్ముడు లేచి వెళ్ళి, వాటి మడమలు గోడకి ఆనేలా సరిచేశాడు. ఆ సాయంత్రం ఇక ఆమెతో మాట్లాడలేదు.

*

పొద్దున హాల్లోకి వెళ్ళి ఆమె తన కుర్చీలో కూర్చోలేదు. సామెతలాయన కుర్చీ పక్కన నిలబడింది.

"ఏం చెల్లెమ్మా, తెల్లారిందో లేదో..."

"బస్సు వీడియో మీద ఫిర్యాదు వచ్చి ఉంటుంది మీకు. తెరవండి."

"తెరిచేదేముంది, రోజూ ఉన్నదేగా."

"కారణం గడి తెరవండి అన్నయ్యా. బయటికి చదవండి."

ఆమె అంతకుముందు ఆయన్ని అన్నయ్య అనలేదు. ఆయన కళ్ళజోడు సర్దుకుని, వెతికి, నొక్కాడు. ఎప్పటిలాగే నలుగురికీ వినపడేలా, కాస్త రాగం తీస్తూ మొదలుపెట్టాడు. "ఇందులో ఉన్న మనిషి నేను." రాగం అక్కడే తెగింది. తర్వాతది మెల్లగా చదివాడు. "నన్ను అడగకుండా తీశారు. ఇది రెండోసారి పెడుతున్నాను. మొదటిసారి మా అక్క చదవలేదు. మీరు సరిచూడగలరు."

హాల్లో ఎవరో నవ్వబోయి ఆపేశారు. సామెతలాయన తెరకేసి, ఆమెకేసి చూశాడు. నోరు తెరిచాడు. ఆయనకి సామెత దొరకలేదు. వేలు ముందుకు చాపి, "పైకి పంపు" మీట ఎక్కడుందో వెతుక్కుని, నొక్కాడు. ఆ మీట మీద అక్షరం కొత్తగా ఉంది.

"మొన్న నేనేదో వాగాను," అన్నాడు. "రాయి అనీ..."

"నేను విన్నాను లెండి. విని ఊరుకున్నాను."

లీడరు వచ్చి విషయం తెలుసుకుంది. మొదటి ఫిర్యాదు ఎవరు చూశారో వెతకాల్సిన పనిలేదని, ఎలాగూ తీసేస్తారు కదా అని అంది. అది మంచితనమే.

"నా పేరు మీద తప్పు రాయండి," అంది ఆమె.

"రాస్తే మళ్ళీ శిక్షణలో కూర్చోవాలి మీరు. కొత్తవాళ్ళతో పాటు, మొదటి నుంచి."

"కూర్చుంటాను. వాడి పాత ఫిర్యాదులన్నీ కూడా ఎవరో ఒకరు మళ్ళీ చూడాలి."

"అది నా చేతిలో లేదు," అంది లీడరు. ఆ మాట ఆమెకి బాగా తెలుసు. తను కూడా వాడిన మాటే.

మధ్యాహ్నానికి వీడియో పోయింది. దాని కాపీలు వేరే చోట్ల ఉన్నాయని ఆమెకి తెలుసు. ఎక్కడెక్కడో కూడా తెలుసు. అయినా షిఫ్టు దిగి, ఇంటికి వెళ్ళకుండా, డిపోకి వెళ్ళింది. ఇన్నేళ్ళలో ఆమె అక్కడికి వెళ్ళడం అదే మొదలు. కడిగే చోట సిమెంటు నేల వాలుగా ఉండి, నీళ్ళు ఒక పక్క కాలవలోకి జారుతున్నాయి. తమ్ముడు చెవులకి పెద్ద మూతలు పెట్టుకుని, పొడుగు కర్ర బ్రష్షుతో బస్సు పక్క భాగాన్ని పైనుంచి కిందికి రుద్దుతున్నాడు. ఒక గీత రుద్దడం, ఒక అడుగు జరగడం. ఎక్కడా ఏ భాగమూ వదిలెయ్యడం లేదు. ఆమె తడి అంచుకి ఇవతల నిలబడింది. బస్సు చివరికి వచ్చాక అతను చెవి మూత ఒకటి తీశాడు.

"వీడియో తీసేశారు," అంది.

"ఎవరు?"

"మా పక్కాయన. చదివాడు. బయటికే చదివాడు."

"మంచిది," అని తమ్ముడు చెవి మూత పెట్టేసుకుని రెండో పక్కకి వెళ్ళాడు.

పని అయ్యేదాకా ఆమె మేస్త్రి ఇచ్చిన స్టూలు మీద కూర్చుంది. గేటు బయటే స్టాపు ఉంది. బస్సు వచ్చి ఆగింది.

"ఎక్కుదామా?" అంది.

"నువ్వు ఎక్కు. నేను నడుస్తా."

"వీడియో లేదు కదరా ఇప్పుడు."

"ఫోన్లు ఉన్నాయి."

బస్సు వెళ్ళిపోయింది. తమ్ముడు నడక మొదలుపెట్టాడు, మడమ నేలకి గట్టిగా తాకకుండా, కొంచెం పక్కకి వాలి. ఆమె వెనక నడిచింది. ఆఫీసు చెప్పులు నడకకి పనికొచ్చేవి కావు. ఆగమని అడగలేదు. దుకాణాలు దాటారు, ఒక బడి గోడ దాటారు. ఆ గోడ దగ్గర ఆమె కాస్త వేగం పెంచి అతని పక్కకి చేరుకుంది.

"ఆఫీసులో నీకో పేరుందిరా. నువ్వని తెలియక ముందే పెట్టారు."

"ఏం పేరు?"

"సరిచూడగలరు గారు."

తమ్ముడు ఆలోచించాడు. "గారు అన్నారా?"

"అన్నారు."

"మర్యాదగానే పిలిచారు."

అక్కడితో వదిలేయొచ్చు. వాడు సంతోషంగానే ఉన్నాడు. ఆమె ఇంకో నాలుగడుగులు వేసింది.

"మర్యాదకి కాదురా. నవ్వుకోడానికి. నువ్వు రాసినవి పైకి చదివి అందరం నవ్వేవాళ్ళం."

"నువ్వూ నవ్వావా?"

"నవ్వాను."

అతను ఆగిపోయాడు. రోడ్డుకేసి చూస్తూ నిలబడ్డాడు. మొహంలో కోపం ఉందో లేదో ఆమెకి తెలియలేదు. లెక్క సరిపోని చోట ఆగిన మనిషిలా ఉన్నాడు.

"అందులో నవ్వు వచ్చేది ఏముంది?"

ఆమె నోరు తెరిచింది. మర్యాదగా రాసినందుకా. ఒకటే మాట మళ్ళీ మళ్ళీ రాసినందుకా. ఎవరూ చదవరని తెలియక రాస్తూ పోయినందుకా. ఒక్కొక్కటే నోటిదాకా వచ్చి, అది కాదని తేలి, వెనక్కి పోయింది.

"తెలీదురా," అంది.

"తెలిశాక చెప్పు," అని తమ్ముడు మళ్ళీ నడక అందుకున్నాడు.